ఖాళీగా కనబడిన సీసా

ఆమోసు కడిగిన గాజుకు వంక పెట్టినవాళ్ళు లేరు. విజయవాడలోని ఒక కాలేజీ పరిశోధనశాలలో ఇరవై రెండేళ్ళుగా ఆయన పని అదే. పొద్దున్నే కొండపల్లిలో ప్యాసింజరెక్కి వచ్చి తొట్టి ముందు నిలబడితే, సాయంత్రానికి బీకర్లూ సీసాలూ బోర్లించి వెళ్ళేవాడు. కడిగినదాన్ని కిటికీకేసి ఎత్తి చూసేవాడు. నీళ్ళు బొట్లుబొట్లుగా నిలిచాయంటే ఇంకా జిడ్డున్నట్టు. పలచని తెరలా జారిపోతేనే మనసొప్పేది. కొత్త సీసాలు కొనడం ఆ కాలేజీకి అలవాటు లేదు. ఖాళీ అయిన ప్రతి సీసా ఆయన చేతిలో కడగబడి మళ్ళీ బీరువా ఎక్కాల్సిందే.

2004 వేసవిలో ఇష్రత్ అనే రీసెర్చి స్కాలరు ఒక పార్సిలు కోసం ఎదురుచూస్తోంది. పటమట అమ్మాయి. ఒక ఆకు పసరు పుళ్ళు మానడానికి పనికొస్తుందా అని ఐదేళ్ళుగా కణాల మీద పరీక్షిస్తోంది. మనిషి ఒంట్లో ఆ పని చేసే ప్రొటీన్‌తో పోల్చి చూస్తేగానీ ఆ ఐదేళ్ళ పనీ నిలవదు. అది పైదేశం నుంచి రావడానికి నాలుగు నెలలు పట్టింది. గైడు జూన్ నెలాఖరుకు రిటైరవుతారు. ఆమె ఫెలోషిప్పూ ఆ రోజుతోనే సరి.

"అంత గొప్పదేంటమ్మా అది?" అని అడిగాడొకసారి ఆమోసు.

"మన ఒంట్లో ఉండేదే బాబాయ్. కాకపోతే మనిషిలోంచి తీయరు. దాన్ని చేసే జన్యువు తీసుకెళ్ళి బ్యాక్టీరియాలో పెడితే, అదే చేసిపెడుతుంది."

"అద్దె పొయ్యి మీద మనింటి కూర వండించినట్టన్నమాట!"

ఇష్రత్ పకపకా నవ్వింది. "మా సారు కూడా ఇంత బాగా చెప్పలేదు. కాకపోతే ఈ కూర తినడానికి కాదు బాబాయ్, పరీక్షలకే."

మే నెలలో ఒక శనివారం, ఆమె మైలవరంలో అక్కగారింటికి వెళ్ళిన రోజునే పార్సిలొచ్చింది. ఎండకు పాడైపోతుందేమోనని ఆమోసు ఆదరాబాదరా విప్పాడు. థర్మోకోల్ పెట్టెలో రెండు సీసాలు. ఒకదాంట్లో నీళ్ళలా తేటగా ఏదో ఉంది. చిటికెన వేలంత రెండోదాంట్లో ఏమీ లేదు. ఎత్తి చూశాడు, ఊపి చూశాడు. దాని మీది ఇంగ్లీషు అక్షరాలు చీమ తలకాయలంత. ఖాళీది కూడా వేసినట్టున్నారు అనుకున్నాడు.

నీళ్ళున్న సీసాను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాడు. చిన్నదాని చీటీ నానబెట్టి గీకేశాడు. సబ్బుతో, పంపునీళ్ళతో, చివర మూడుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాడు. నీళ్ళు తెరలా జారాయి.

సోమవారం ఇష్రత్ ఫ్రీజర్ తలుపు తీసి అంది: "బాబాయ్, ఇది కలుపుకునే నీళ్ళే. అసలుదేదీ, చిన్న సీసా?"

తళతళలాడేదాన్ని తెచ్చి చేతిలో పెట్టాడు.

"కడిగేశారా?"

"ఖాళీదే కదమ్మా!"

"కాదు బాబాయ్." ఆమె సీసాను వెలుతురుకేసి తిప్పింది. "ఎండబెట్టి పంపుతారు. అడుగున అంటీ అంటనట్టు ఉంటుంది. కంటికి ఆనదు."

అయినా ఆశ చావక ఆ సీసాలో ఆ నీళ్ళే పోసి, తిప్పి, కణాల మీద వేసి చూసింది. మూడు రోజులైనా వాటిలో చలనం లేదు.

"ఏమీ మిగల్లేదు. మీ చేతి కడుగుడు కదా," అంది. ఎత్తిపొడుపు కాదది. ఎత్తిపొడుపైనా బాగుండేదనిపించింది ఆమోసుకు.

గైడుగారికి నిజం చెప్పేస్తానని బయల్దేరితే ఆమే అడ్డుపడింది. "పార్సిల్లోనే పాడైందని చెప్పేశాను. మీరు నోరెత్తకండి." మళ్ళీ తెప్పించాలంటే ఇంకో నాలుగు నెలలన్నారు. జూన్ ముప్ఫైన గైడుగారికి దండలు పడ్డాయి. ఇష్రత్ తన నోటు పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయింది. పటమటలోనే ఏదో స్కూల్లో సైన్సు చెబుతోందని తర్వాత తెలిసింది. చూసి రావడానికి ఆయనకు కాళ్ళు రాలేదు.

అప్పట్నుంచీ తొట్టిలోకొచ్చిన ప్రతి సీసాకూ, దాన్ని తెచ్చినవాళ్ళను అడిగేవాడు, "ఇందులో ఏమీ లేదు కదమ్మా?" అని.

కొత్తగా వచ్చిన పిల్లలకు సంగతి తెలియదు. "ఏనుగుంది బాబాయ్, తొండం తగలకుండా కడుగు!" అనేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. నవ్వి మళ్ళీ అడిగేవాడు.

రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా, తాగిన గ్లాసు కిటికీకేసి ఎత్తి పట్టుకునేవాడు.

"ఏంటయ్యా చూస్తావు? కాఫీ ఎప్పుడో తాగేశావుగా, ఇటివ్వు కడిగేస్తాను," అని భార్య శౌరమ్మ చెయ్యి చాపేది.

గ్లాసు ఇవ్వడానికి ఆయన వేళ్ళు విడివడేవి కావు.