క్వారీ నీళ్లలో శ్రీనన్న చెయ్యి

నా సిలిండర్ మీద ఒట్టు. నవ్వకండి... నీళ్లలోకి దిగేవాడికి అంతకంటే పెద్ద ఒట్టు ఉండదు. ఇది నాకే జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు, తాగిన మైకంలో చూసిందీ కాదు. ఆ రోజు చాయ్ తప్ప ఇంకేమీ ముట్టలేదు.

సూరత్‌లో మా డిండోలి గల్లీ మొత్తానికి డైవింగ్ తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకడిని నేను. సాంచాల, అంటే మరమగ్గాల మోతలో పుట్టి పెరిగి, రంగుల మిల్లులో పంపులు బాగుచేసుకునేవాణ్ని. సెలవులకు గోవా పోయి డైవింగ్ నేర్చుకున్నాను. పిచ్చి పట్టి, మళ్లీ పోయి అడ్వాన్స్‌డ్ కోర్సు కూడా చేశాను. ఆ కార్డు పర్సులో పెట్టుకుని, అడిగినవాడికీ అడగనివాడికీ చూపించేవాణ్ని.

రెండోవాడు శ్రీనన్న. సిరిసిల్ల నుంచి వచ్చి, ఇక్కడ పడవలు ఆగే జెట్టీల కింద స్తంభాలకు పట్టిన నాచు గీకే పనిలో పదేళ్లుగా ఉన్నాడు. వాళ్ల పద్ధతి వేరు. నడుముకు తాడు కట్టుకుని ఒక్కడే దిగుతాడు, పైన ఒకడు ఆ తాడు పట్టుకుని ఉంటాడు.

"నీకు కార్డున్నది. నాకు నడుం మీద తాడు మచ్చున్నది. చాలదారా?" అని నన్ను ఆట పట్టించేవాడు.

కిమ్ దగ్గర ఒక పాత రాతి క్వారీలో తెప్ప మీది పంపు నీళ్లలో పడిపోయింది. తీసిపెట్టమని మా మేస్త్రీ అడిగాడు. పగలు పక్కనే రాళ్లు కొడతారు కాబట్టి, రాత్రి ఏడున్నరకు దిగాం. తెప్ప మీద జిగ్నేష్ ఉన్నాడు. మా మిల్లువాడే, ఈత కూడా సరిగ్గా రాదు. అడుగు దాకా ఒక తాడు వదిలి, దాని కొసకు ఇనుప దిమ్మ కట్టాం. ఆ తాడు పట్టుకునే దిగాలి.

శ్రీనన్న అలవాటు ప్రకారం నడుముకు ఇంకో తాడు కట్టుకోబోయాడు. నేనే వద్దన్నాను.

"ఇద్దరం దిగుతున్నం అన్నా. తాడుంటే చిక్కుపడ్తది. చేతులు పట్టుకుని పోదాం. ఒకసారి ఒత్తితే బాగున్న అని."

"సరే తీయ్. నీ లెక్కనే పోదాం."

అంతే. ఒకరికొకరం కనబడకపోతే ఏం చేయాలో మాట్లాడుకోలేదు. ఇద్దరమూ నేర్చుకున్నవాళ్లమే కదా, అందులో మాట్లాడుకునేదేముంది అనుకున్నాం. ఆ పొగరు నాదే... ఒప్పుకుంటున్నాను.

నలభై అడుగుల లోతు. చాయ్‌లో టార్చ్ ముంచినట్టుంది వెలుతురు. నా ఊపిరి నాకే వినబడుతోంది. స్స్స్... గుడుగుడు... స్స్స్... గుడుగుడు. గ్లౌజు తొడిగిన నా కుడిచేతిలో శ్రీనన్న ఉత్త ఎడమచెయ్యి. పంపు దొరికింది. శ్రీనన్న దాన్ని కాలితో కదిపి చూశాడు.

బురద లేచింది. అంతా నలుపు. టార్చ్ మొహం ముందు పెట్టుకున్నా కనబడలేదు.

అదే సమయానికి నా మాస్కులోకి నీళ్లు వచ్చాయి. ముక్కులోకి పోయాయి. గాభరా పడ్డాను. రెండు చేతులతో మాస్కు పట్టుకున్నాను. అంటే... శ్రీనన్న చెయ్యి వదిలేశాను.

పది సెకన్లు ఉంటుందేమో. నీళ్లు ఊదేసి చెయ్యి చాచాను. ఎవరూ లేరు. చుట్టూ తిరిగాను, దేవులాడాను. రాయి... ఖాళీ... దిగిన తాడు.

నాకు నేర్పింది ఒక్కటే. జత తప్పిపోతే ఒక నిమిషం వెతుకు. దొరక్కపోతే పైకి వెళ్లు, అవతలివాడు కూడా అదే చేస్తాడు. నిమిషం లెక్కపెట్టాను. తాడు పట్టుకుని మెల్లగా పైకి వచ్చాను. ఒంట్లో గాలి సర్దుకోవడానికి పదిహేను అడుగుల దగ్గర మూడు నిమిషాలు ఆగాలని నేర్పారు, అదీ మానలేదు. పైన శ్రీనన్న నన్ను తిడుతూ ఉంటాడని నవ్వుకున్నాను కూడా.

పైన జిగ్నేష్ ఒక్కడే ఉన్నాడు.

"అరే, అకేలా ఆయా? శ్రీను భాయ్ కహాఁ హై?" అన్నాడు, ఒక్కడివే వచ్చావా, శ్రీనన్న ఎక్కడ అని.

శ్రీనన్న సిలిండర్ నా దానికంటే చిన్నది. ఇంకో అయిదారు నిమిషాలకు మించి గాలి రాదు.

జిగ్నేష్ నీళ్ల మీదికి టార్చ్ కొట్టాడు. బుడగలు వస్తున్నాయి. హమ్మయ్య, ఊపిరి ఉంది అనుకున్నాను. మళ్లీ చూశాను... రెండు చోట్ల వస్తున్నాయి. పక్కపక్కనే, జానెడు దూరంలో. ఒకటి ఆగితే ఇంకొకటి. ఒకటి ఆగితే... ఇంకొకటి.

కింద ఉన్నది ఒక్క మనిషి. రాయికి తగిలి బుడగలు చీలాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జిగ్నేష్ వేలితో లెక్కపెట్టాడు... ఒకటి, రెండు.

మళ్లీ దిగాను. ఎలా దిగానో ఇప్పుడు చెప్పలేను. బురద కొంచెం తేరింది. ఇనుప దిమ్మకు కొంచెం దూరంలో, పంపు పక్కన శ్రీనన్న మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. కదలడం లేదు. కుడిచెయ్యి పంపు మీద ఉంది. ఎడమచెయ్యి పక్కకు చాపి ఉంది, చీకట్లోకి. వేళ్లు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి.

నేను ఎదురుగా వెళ్లి భుజం తట్టాను. ఉలిక్కిపడి నా వైపు చూశాడు. తర్వాత... తన ఎడమ పక్కకు చూశాడు. నేనూ చూశాను. నీళ్లే. ఇంకేమీ లేదు. శ్రీనన్న గాలి గేజ్‌లో ముల్లు ఎర్రగీత దాటి పోయింది. లాక్కుని పైకి తెచ్చాను.

తెప్ప మీద పడి చాలాసేపు దగ్గాడు. అప్పుడన్నాడు.

"ఏంది తమ్మీ, ముందట్కెళ్లి ఎట్ల వస్తివి? నీ చెయ్యి నా చేతుల్నే ఉండె గద."

నేను అతని సిలిండర్ పట్టీలు విప్పుతూ ఆగాను.

"బురద లేస్తే కదలొద్దు, ఉన్నకాడనే ఉండాలె. మాకు నేర్పింది గదే. మాస్కు సదురుకోని నువ్వు మల్ల పట్టుకుంటివి, నిమ్మలంగ కూసున్న. నడుమ జర భయమైంది. చెయ్యి ఒత్తిన. నువ్వు గూడ ఒత్తినవ్. అప్పుడు పానం కుదుటపడ్డది." చేతిని రుద్దుకుంటూ ఆగాడు. "గని గ్లౌజు ఎందుకు తీసినవ్ రా? వేళ్లు మస్తు సల్లగుండె."

నా చేతుల వంక చూసుకున్నాను. రెండు గ్లౌజులూ ఉన్నాయి.

జిగ్నేష్ నోరు తెరిచాడు. నేను కళ్లతోనే వద్దన్నాను.

భయంతో అలా అనిపించిందేమో. పంపుకున్న తాడు కొస చేతిలో పడిందేమో. అన్నీ ఆలోచించాను. ఒకటి మాత్రం నిజం. గాభరాపడి కొట్టుకుని ఉంటే ఆ గాలి అంతసేపు వచ్చేది కాదు. మనిషి దక్కేవాడు కాదు.

మరునాడు ఆదివారం. శ్రీనన్న వాళ్లు ఇంటికి భోజనానికి పిలిచారు. లక్ష్మక్క, అంటే శ్రీనన్న భార్య, కోడికూర వడ్డిస్తూ ఏడ్చేసింది.

"చీకట్ల నువ్వు చెయ్యి ఇడిస్తే మా బతుకు ఏమయ్యేది తమ్మీ..."

పెద్దదానివి, తప్పు అక్కా అంటున్నా వినలేదు. నా కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. చెయ్యి మాత్రం లాక్కోలేకపోయాను.

నిజం చెప్పడానికి ఇప్పటికీ నోరు రాలేదు. ఆ నీళ్లలో శ్రీనన్న చెయ్యి పట్టుకున్నది ఎవరో, ఏమిటో నాకు తెలియదు... నేను మాత్రం కాదు.