చాయ్ టైముకు తెరిచే బ్లాగు

మెదక్ బస్టాండు ఎదురుగా నేను నెట్ సెంటర్ పెట్టిన కొత్తలో, వచ్చేవాళ్లలో సగం మందికి ఇంటర్నెట్ అంటే పరీక్ష రిజల్టు, మిగతా సగానికి హాల్ టికెట్. అంతకుమించి అందులో ఇంకేదో ఉందని చెప్పబోతే గడియారం చూసుకునేవాళ్లు. నాకేమో చెప్పే పిచ్చి. బ్రౌజర్ అంటే ఏమిటి, లింకు అంటే ఏమిటి, లాగౌట్ చేయకుండా లేచిపోతే ఏమవుతుంది అని అడగనివాళ్లకు కూడా పాఠం పెట్టేదాన్ని. టేక్మాల్ నుంచి వచ్చిన ఒకాయన, "అమ్మా, జర ప్రింటు తీసియ్యి, బస్సు పోతది" అని రెండు చేతులూ జోడించాడు.

నా పాఠాలకు దొరికిన అసలు విద్యార్థి మా నాయిన. కండక్టరుగా రిటైరయ్యాడు. జన్మంతా నిండు బస్సులో నిలబడి మాట్లాడిన మనిషి ఇంట్లో గోడలను చూస్తూ ఎట్లా కూర్చుంటాడు? పొద్దున్నే నాతోపాటు వచ్చి మూల కంప్యూటరు ముందు కూర్చునేవాడు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతి నేర్పాను. ఒక్క వేలితో కొట్టేవాడు. ఆ అక్షరం వెతుక్కునే లోపల నాకు ఓపిక చచ్చేది, ఆయనకు మాత్రం ఏ తొందరా ఉండేది కాదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం బాగా వేడి మీదున్న రోజులవి. బంద్ ఉంటే షట్టరు సగం దించి, మేమిద్దరమే లోపల ఉండేవాళ్లం. అట్లాంటి ఒక రోజు నాయినకు డిస్కషన్ ఫోరం చూపించాను. ఎవరో ఒకరు ఒక మాట మొదలుపెడతారు, దాని కింద ఎవరైనా తమ మాట తగిలిస్తూ పోతారు, ఆ వరసను థ్రెడ్ అంటారు, హద్దు దాటకుండా చూసేవాణ్ని మోడరేటర్ అంటారు అని చెప్పాను.

"అంటె బస్సుల కండక్టరసొంటోడు" అన్నాడు నాయిన, వెంటనే ఆ మోడరేటర్ మీద అభిమానం పుట్టి.

ఆ అభిమానం సాయంత్రం దాకా నిలవలేదు. రాష్ట్రం మీద అటువాళ్లూ ఇటువాళ్లూ పేర్లు పెట్టి తిట్టుకుంటున్న థ్రెడ్‌లోకి నాయిన పోయి, "అందరికి నమస్తె. మంచిగున్నరా? ఇంట్ల పిల్లలు మంచిగున్నరా?" అని రాశాడు. మాకు మనిషి కనబడితే ముందు బాగోగులు అడగాలి, కొట్లాట ఆ తర్వాత. మోడరేటర్ ఆ పోస్టు తీసేశాడు. చర్చకు సంబంధం లేని మాటలు రాయవద్దని హెచ్చరిక కూడా పంపాడు.

"తిట్టినోళ్లయి ఉంచిండు, పలకరించినోనిది తీసేసిండు" అన్నాడు నాయిన. ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది, ఆ మోడరేటర్ మీదా, నాయిన మీదా.

"గా కొట్లాటల నీకేం పని నాయినా? ఎందుకు పోయినవ్?"

ఆయన తెర మీది పేర్లను వేలితో చూపించాడు. "ఆ దిక్కోళ్లు గింతమంది ఉన్నరు గదా. అన్న గూడ ఉంటడేమోనని చూసిన. లేడు. అన్న గిట్ల మాట్లాడడు."

అన్న అంటే ఆయన బస్సు డ్రైవరు. నాకు డ్రైవర్ పెద్దనాయిన. గోదావరి జిల్లాల పక్క నుంచి కుర్రతనంలో మెదక్ డిపోకు వచ్చి, ఇక్కడే తల నెరిసినవాడు. ఆయనా మా నాయినా ఏళ్ల తరబడి ఒకే బస్సు నడిపారు. డిపో ముందు హోటల్లో ఆయన టీ అంటే ఈయన చాయ్ అనేవాడు, ఒకే గ్లాసును చెరో పేరుతో పిలుస్తూ రోజూ వాదించుకుని నవ్వుకునేవాళ్లు. రిటైరయ్యాక ఆయన సొంతూరికి పోయాడు. ఫోన్లు నడిచేవి. ఒకరోజు ఆ ఫోన్లో రాష్ట్రం మాట వచ్చింది. మాటకు మాట పెరిగి, మా నాయిన నోరు జారాడు: "నువ్వు మీ ఊరికి పోతివి. ఇగ మా ముచ్చట్ల నీకేం పని?" అవతల ఫోన్ పెట్టేశారు. అప్పటి నుంచి ఇటు చేయరు, అటు చేయరు.

"నువ్వే చెయ్యరాదు?" అన్నాను.

"పెట్టేసింది ఆయిన. ఆయినే చెయ్యాలె" అన్నాడు నాయిన. మొండితనంలో మా ఇంటివాళ్లను మించినవాళ్లు లేరు, నాతో సహా.

అప్పుడు బ్లాగు సంగతి చెప్పాను. ఫోరం బస్టాండు లాంటిది, ఎవరైనా వస్తారు, అరుస్తారు, పోతారు, అక్కడ ఎవరూ ఎవరికీ చుట్టం కాదు. బ్లాగు మన ఇల్లు. ఏం మాట్లాడాలో మనమే మొదలుపెడతాం. వచ్చినవాళ్లు కింద కామెంటు పెడితే మనం పలకరిస్తాం. గొడవ చేసేవాణ్ని బయటికి పంపే హక్కు కూడా మనదే.

"అయితె నాకు ఇల్లే గావాలె" అన్నాడు.

ఆ ఇంట్లో ఆయన మెదక్ బస్సు ముచ్చట్లు రాశాడు. హవేలిఘనపూర్ స్టేజీ దగ్గర వడ్ల బస్తా మీద కూర్చుని, బస్తాకు టికెట్ అడిగితే నాది కాదన్న ముసలమ్మ. పెళ్లికి పోతూ బస్సులో పెండ్లికొడుకును మరిచి దిగిపోయిన చుట్టాలు. ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒకచోట "మా డ్రైవరన్న" వచ్చేవాడు. ఎవరెవరో చదివి కామెంటు పెడితే, "రాండ్రి, కూసోండ్రి, మంచిగున్నరా?" అని ఒక్కొక్కరికీ జవాబిచ్చేవాడు. ఇక్కడ తీసేసేవాళ్లు ఎవరూ లేరు.

అయితే ఒక చిక్కొచ్చింది. మధ్యాహ్నం అన్నానికి లేవమంటే లేవడు. "తలుపు తీసిపెట్టి మనిషి లేకుంటె ఎట్ల? వచ్చినోళ్లు ఏమనుకుంటరు?" బ్లాగు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నువ్వు ఉన్నా లేకున్నా చదువుకుంటారు అని నెత్తి కొట్టుకుని చెప్పాను. వినలేదు. చివరికి తనే ఉపాయం కనిపెట్టాడు. లేచే ముందు ఒక పోస్టు పెట్టేవాడు: "తిననీకి పోతున్న. చాయ్ టైముకు వస్త." పొద్దుగూకితే, "ఇంటికి పోతున్న. రేపు పొద్దుగాల కలుద్దాం." ముచ్చట్ల మధ్యలో ఈ తాళం కప్పలు వేలాడుతుంటే, బ్లాగు పరువు పోతోందని నేను గొణిగేదాన్ని. తీసేద్దామంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

డ్రైవర్ పెద్దనాయిన బిడ్డ చిన్నప్పుడు నాతో బడికి వచ్చేది. తన మెయిల్ ఐడీ నా దగ్గరుంది. నాయినకు చెప్పకుండా లింకు పంపాను. కొన్నాళ్లకు జవాబు వచ్చింది: "నాన్న రోజూ చదివించుకుంటున్నారే. మీ నాన్న అన్నానికెళ్తే తనూ లేచి తింటారు. రాయమంటే మాత్రం, పిలవని పేరంటానికి నేను రాను అంటున్నారు."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎంత పంతం పట్టిన మనుషులు! ఒకరేమో ఇల్లు తెరిచి వాకిట్లో చూస్తూ కూర్చున్నారు, ఇంకొకరేమో ప్రహరీ అవతల నిలబడి ఈయన అన్నం తిన్నాడా లేదా అని చూస్తున్నారు. ఇక దాచలేక ఆ మెయిల్ నాయినకు చదివి వినిపించాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఒక్క వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. అన్నానికి పోయే పోస్టే. కాకపోతే ఈసారి ఇంకో మాట చేర్చాడు: "తిననీకి పోతున్న. చాయ్ టైముకు వస్త. అన్నా, గ్లాసులు రెండు పెడుత. నువ్వు టీ అన్నా ఏమనను."

ఆ మధ్యాహ్నం ఆయన సరిగా తినలేదు. తొందరగా లేచి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పక్క హోటల్ నుంచి నిజంగానే రెండు గ్లాసులు తెప్పించాడు. నేను రిజల్టు ప్రింట్లు తీస్తూనే అటే చూస్తున్నాను. రాకపోతే ఈ మనిషి ఏమైపోతాడా అని లోపల భయం. రెండో గ్లాసు మీద మీగడ కట్టింది.

అప్పుడు పేజీ కింద ఒక కామెంటు పడింది.

"టీ టైమైంది. వచ్చాను. లోపలికి రావచ్చా?"

నాయిన దాన్ని పైకి చదివాడు. జవాబు కొట్టడానికి చాలాసేపు పట్టింది, నేను సాయం చేస్తానంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ ఇంటికి నువ్వు రానీకి అడుగుడేందన్నా? నాదే తప్పు. కూసో."

ఆ తర్వాత వాళ్ల మాటలు ఆ కామెంట్లలో పొద్దుగూకేదాకా నడిచాయి. రాష్ట్రం మాట కూడా వచ్చింది, ఇద్దరూ తమ తమ మాట మీదే ఉన్నారు. నేను సెంటర్ కట్టేసే టైమైంది. ఫ్యాన్లు ఆపి, "నాయినా, ఇంటికి పోతున్న అని రాసినవా?" అని అడిగాను.

"ఎందుకు?" అన్నాడు నాయిన, లేచి చెప్పులు తొడుక్కుంటూ. "ఇంట్ల అన్న ఉన్నడు గదా."