లైసెన్సు మీది బరువు

నలభై ఏళ్లుగా అమెరికాలోని మోంటానా పొలాలకు కంచెలు వేసిన వెర్లిన్ హాగ్లండ్‌కు రెండు నమ్మకాలుండేవి. ఒకటి, తన తొంభై మూడు మోడల్ పికప్ ట్రక్కు తనకంటే ముందు పోదని. రెండు, తను వేసిన లెక్క తప్పు పోదని. ఆగస్టు చివరి శనివారం గోధుమ గిడ్డంగి కాటా మీద రెండోది పోయింది. మొదటిది వెంట్రుకవాసిలో బతికి బయటపడింది.

దీనికంతటికీ మూలం అతని భార్య నోరీన్ మోకాళ్లు. కిందటేడు కొండల్లో తెల్లారి లేవలేక ఆమె డేరా గుంజ పట్టుకుంది. ఆమె లేవలేదు కానీ గుంజ లేచొచ్చింది.

"ఇంక నేల మీద పడుకునేది లేదు. మంచం పెట్టించు, వస్తా. ఆ డొక్కు మొయ్యలేనంటే అమ్మేసి కొత్త ట్రక్కు కొను" అంది.

అమ్మమనేసరికి వెర్లిన్ మంచం వెతకడానికే బయల్దేరాడు. నోరీన్‌తో పట్నంలో దుకాణానికి వెళ్లి, ట్రక్కు వెనక తొట్టిలో కూర్చునే చిన్న గదుల్లాంటి క్యాంపర్లు చూశాడు. కప్పు పైకెత్తితే లోపల నిలబడొచ్చు, దించితే ప్రయాణంలో గాలికి అడ్డురాదు. ఒకదాంట్లో పొయ్యి, సింకు, ఫ్రిజ్. బరువు వెయ్యిన్నీ యాభై పౌండ్లు. ఇంకోదాంట్లో మంచం, కిటికీ, అంతే, ఏడొందల ఎనభై.

"ఇది కోళ్ల గూడు" అన్నాడు వెర్లిన్.

"కోడికీ నాకూ కావలసింది ఎత్తైన చోటే" అంది నోరీన్.

వెర్లిన్ వినలేదు. తన ట్రక్కు మనుషులతో కలిపి పదిహేను వందలు మోస్తుంది. కవరు వెనక లెక్క వేశాడు: పెద్ద క్యాంపరు, తను నూట డెబ్బై అయిదు, నోరీన్ నూట పదిహేను, కుక్క అరవై. ఇంకా వంద మిగిలింది. మనుషుల బరువులు అక్కడి డ్రైవింగ్ లైసెన్సుల మీద అచ్చేసి ఉంటాయి, వాటి మీంచే ఎత్తి రాశాడు. సర్కారు కాగితం, అబద్ధమాడదు కదా. పాతికేళ్ల కిందట ఆ అంకె గుమాస్తాకు చెప్పింది తన నోరే. తర్వాత ప్రతి రెన్యువల్‌కీ "బరువులో మార్పేమైనా?" అని వాళ్లడగడం, "లేదు" అని ఇతను పొట్ట లోపలికి పీల్చడం.

దుకాణదారు కవరు వెనక్కిచ్చేశాడు. "ఊరికి బయల్దేరినట్టే అందరూ ఎక్కి, కాటా మీద తూయించుకు రండి."

కాటా చూసే మేవిస్ వెర్లిన్‌తో కలిసి చదువుకున్న మనిషి. అతని ట్రక్కు వెనక రెండు గోధుమ లారీలు ఆగి ఉన్నాయి.

"అయిదు వేల అయిదొందల అరవై. వెర్లినూ, లోపల దూడనేమైనా దాచావా?"

ట్రక్కూ, అది మోసేదీ అంతా కలిపి ఆరువేల రెండొందలు దాటకూడదు. అంటే మిగిలింది ఆరొందల నలభై, కోళ్ల గూడుకు కూడా చోటు లేదు.

"నీ కాటా పాడైంది."

"పొద్దుట్నుంచి నలభై లారీలు తూచింది. నీ దగ్గరకొచ్చాకే పాడైందా? ఏదీ, దిగు."

దిగాడు. అంకె రెండొందల నలభై తగ్గింది. లారీ డ్రైవర్లు మర్యాదగా ఆకాశం చూశారు.

"ఫ్రిజ్ కొనడమెందుకు, కడుపులోనే ఉందిగా" అంది నోరీన్. తను దిగుతూ, "మేవిస్, నాది పైకి చదివావో, మన స్నేహం ఇక్కడితో సరి."

మేవిస్ అంకెకు చెయ్యి అడ్డం పెట్టింది. వెర్లిన్ అడగలేదు. ముప్పై ఏళ్ల కాపురం ఆ మాత్రం బుద్ధి నేర్పింది.

కుక్కను దింపాక కూడా ఖాళీ ట్రక్కు బరువు కంటే నాలుగొందల ఇరవై ఎక్కువే ఉంది. సీటు వెనకా, తొట్టిలోనూ కంచె తీగ చుట్టలు, గొలుసులు, సమ్మెటలు, పశువులు నాకే ఉప్పు దిమ్మ, రెండు జాకీలు. అందులో ఒకటి ఎప్పుడో అమ్మేసిన ట్రక్కుది.

"ఎప్పటికైనా పనికొస్తాయి" అన్నాడు నీరసంగా.

"వస్తాయి. కొత్త ట్రక్కులో వేసుకుందువుగాని."

ఆ మాటతో వెర్లిన్ వంగాడు. లారీ డ్రైవర్లు కూడా చెయ్యి వేశారు. అంతా దింపి మళ్లీ ఎక్కితే క్యాంపరుకు వెయ్యిన్నీ అరవై మిగిలింది.

"పెద్దదే పడుతుంది, ఇంకా పది మిగులు" అన్నాడు వెర్లిన్, మొహం వెలిగిపోతూ.

"పది పౌండ్లంటే ఒక్క గాలను నీళ్లు. సింకులో పోస్తావా, కాఫీ పెడతావా?"

కోళ్ల గూడే కొన్నారు. సెప్టెంబరులో సరస్సు ఒడ్డున నోరీన్ పొద్దున్నే మంచం దిగి, దేన్నీ పట్టుకోకుండా నిలబడింది. పాత ట్రక్కు కిక్కురుమనలేదు.

నవంబరులో లైసెన్సు ఆఫీసు గుమాస్తా అడిగింది. "బరువులో మార్పేమైనా?"

"ఉందమ్మా. రెండొందల ముప్పై" అన్నాడు వెర్లిన్.

ఆ మిగతా పదీ బూట్లవని అతని వాదన.