మా పాప తాగిన మొదటి నిండు సీసా

మా పాప నెలలు నిండకముందే పుట్టింది. సిద్దిపేట దవాఖానలో అద్దాల పెట్టెలో ఉంచి, ముక్కులో వేసిన సన్నటి గొట్టంతో పాలు పోసేవారు. ఆపరేషన్ కుట్లు చీము పట్టడంతో నా భార్య మంచం దిగలేకపోయింది. అందుకని సీసాతో పాలు పట్టడం నర్సు నాకే నేర్పింది.

మొదటిసారి కొన్ని గుక్కలకే పాప ఊపిరి ఆపేసింది, పెదాలు నీలంగా మారాయి. నర్సు సీసా తీసేసి వీపు నిమిరితే తేరుకుంది.

"మీరే పట్టుండ్రి సిస్టర్, నాతోని కాదు," అన్నాను.

"అయితది అన్నా. పక్కకు తిప్పి పట్టుకో. రెండు మూడు గుక్కలు తాగంగనే సీసా జర దించు, ఊపిరి తీసుకుంటది. తొందరవెట్టకు."

ఆ తర్వాత పాప గొంతునే చూస్తూ పట్టేవాణ్ణి. చాలాసార్లు సగంలోనే నిద్రపోయేది, మిగిలిన పాలు గొట్టంలోకే పోయేవి. ఒక పొద్దున మాత్రం తనే ఆగింది, ఊపిరి తీసుకొని మళ్లీ నోరు తెరిచింది. అలా సీసా ఖాళీ చేసింది.

"ఇట్లనే తాగితే రేపు గొట్టం తీసేస్తం," అంది నర్సు.

వార్డుకు వెళ్లి చెబితే, "అన్ని తాగిందా? ఎవలు పట్టిన్రు?" అని అడిగింది నా భార్య.

"నేనే పట్టిన," అన్నాను. ఆ మాటే కోహెడలో ఉన్న మా బాపుకు ఫోన్ చేసి చెప్పాను, లిఫ్టు దగ్గర నిలబడ్డ ముక్కూమొహం తెలియని పెద్దమనిషికి కూడా చెప్పాను.