లంకకు పడవలో వచ్చిన తరగతి

మా మేడం గారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, కొత్తగా డిగ్రీలో చేరిన ఆ ఇంటి అమ్మాయి వివరాలు సరిచూస్తున్నాను. గ్రామ సచివాలయంలో నా ఉద్యోగం అదే. ప్రభుత్వం ఫీజు కట్టే పిల్లల ఇళ్లకు వెళ్లాలి, వాళ్లు చెప్పింది నిజమో కాదో చూడాలి, ఇకమీదట వాళ్లు పాటించవలసినవి చెప్పి రావాలి. ఫోన్ మోగింది. నాతో డిగ్రీ చదివిన సునీత.

"మేడం గారు పోయేరే. తెల్లారగట్ట, నిద్రలోనే అంట," అంది.

సరేనన్నాను. ఎదురుగా ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని నా మొహం చూస్తోంది.

"ఎక్కడున్నాం అమ్మా?" అని అడిగాను.

"హాజరు దగ్గరండి," అంది.

చెప్పవలసినది చెప్పడం పూర్తి చేసే లేచాను. మధ్యలో లేచి ఉంటే మేడం గారికి నచ్చేది కాదు. ఏ ఇంటికి వెళ్లినా నా నోట వచ్చేవి ఆవిడ మాటలే. ఆ సంగతి ఆ ఇళ్లవాళ్లకు తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రాజోలు దగ్గర మేం చదివిన కళాశాలలో ఆవిడ ఎకనామిక్స్ చెప్పేవారు. స్కాలర్‌షిప్పుల పని కూడా ఆవిడే చూసేవారు. మిగతా లెక్చరర్లు ఆ పని ఎవరికైనా అంటగట్టాలని చూసేవారు కానీ ఆవిడ అడిగి తీసుకున్నారట. అన్ని కాలాల్లోనూ చేతిలో నల్ల గొడుగు ఉండేది. బస్సు టిక్కెట్టు మడిచి వాచీ పట్టీ కింద దోపుకునేవారు, సాయంత్రం ఇంటికి చేరేదాకా తీసేవారు కాదు. మమ్మల్ని ఎప్పుడూ ఇంటిపేరుతో సహా పిలిచేవారు. మా ఊళ్లో నన్ను పొట్టిదానా అనేవాళ్లే తప్ప పూర్తి పేరుతో పిలిచినవాళ్లు లేరు. మొదటిసారి ఆవిడ అలా పిలిచినప్పుడు వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరినో అనుకుని.

ప్రతి ఏడాదీ క్లాసులు మొదలైన వారంలో, ప్రభుత్వ సాయంతో చదివే పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి ఆవిడ మాట్లాడేవారు. మా మొదటి ఏడు ఒక అబ్బాయి లేచి, "మాది ఫ్రీ సీటండి," అన్నాడు. ఆవిడ వాడి వైపు తిరిగారు.

"ఫ్రీ ఏమిటయ్యా? ఎవరో కట్టేరు, నువ్వు కూర్చున్నావు. ఆ కట్టినవాళ్లలో మీ నాన్న గారు కూడా ఉన్నారు. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా పన్ను కట్టేరు కదా. ఇంకెప్పుడూ ఆ మాట అనకు."

తరవాత ఒక్కొక్కటీ చెప్పారు. నూటికి డెబ్బై ఐదు వంతులు హాజరుండాలి. ఏడాదికేడాది దరఖాస్తు మళ్లీ పెట్టుకోవాలి, ఒకసారి వచ్చింది కదా అని ఊరుకుంటే రెండో ఏడు రాదు. ఒకే ఫీజుకి రెండు చోట్ల సాయం తీసుకోకూడదు. ఇంట్లో ఎవరికైనా గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందా, ఆ సంగతి దాచకూడదు. కాలేజీ మానేయాలనుకుంటే మానేసే ముందే ఆవిడకు చెప్పాలి. బ్యాంకు ఖాతా ఎవరి పేరున వాళ్లకే ఉండాలి. "ఏటీఎం కార్డు మీ అన్నయ్య చేతికి ఇవ్వకండి. పెళ్లయ్యేక మీ ఆయన చేతికీ ఇవ్వకండి," అంటే అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. "రూలు తెలియనివాళ్లే ఆఫీసులో చేతులు కట్టుకుని నిలబడతారు. మీరు తెలుసుకుని కుర్చీలో కూర్చుని అడగండి," అన్నారు.

మాది గోదావరి పాయల మధ్య లంక. మా నాన్న కొబ్బరికాయలు వలిచే పనికి వెళ్లేవాడు. ఊరికీ రోడ్డుకీ మధ్య పల్లంగా కట్టిన కాజ్‌వే ఒకటే దారి. గోదావరి పెరిగితే మొదట మునిగేది అదే. ఆ ఊరి నుంచి కాలేజీకి వెళ్లేవాళ్లం పదిమంది పైచిలుకు ఉండేవాళ్లం.

రెండో ఏడు వానాకాలంలో వరద వచ్చింది. తీసిందనుకున్నాం. వెనకాలే మళ్లీ వచ్చింది. ఇళ్లల్లోకి నీళ్లు రావడంతో అందరం తుఫాను షెల్టరుకు చేరాం. బియ్యం, పాల ప్యాకెట్లు పడవ మీద వచ్చేవి. కాలేజీ మాత్రం నడుస్తూనే ఉంది, ఎందుకంటే రాజోలు మునగలేదు. రోజులు గడుస్తున్నకొద్దీ మా అందరికీ ఒకటే గుబులు. అప్పటికే మొదటి వరదకు చాలా క్లాసులు పోయాయి. హాజరు తగ్గితే ప్రభుత్వం ఫీజు కట్టదు. అది మా ఇళ్ల మీద పడితే చదువు అక్కడితో ఆగిపోతుంది. షెల్టరులో సునీత వాళ్ల అమ్మ అప్పుడే మొదలుపెట్టింది కూడా, "ఇంక చదివింది చాల్లెండి, ఆడపిల్లకి," అని.

మా నాన్న ఉండబట్టలేక మేడం గారికి ఫోన్ చేశాడు. ఆవిడ గొంతు బయటికి వినిపించేలా పెట్టాడు, పిల్లలం చుట్టూ చేరాం.

"మేడం గారండి, వరదొస్తే అది మా పిల్లల తప్పు కాదు కదండి. ఆ పుస్తకంలో వచ్చినట్టు రాసేద్దురూ. మిమ్మల్ని ఎవరడుగుతారండి?"

"మీ పిల్లల తప్పు కాదండి," అన్నారావిడ. "కానీ రానివాళ్లు వచ్చేరని నేను రాయనండి. రేపు ఎవరైనా వచ్చి చూసి, ఆ రోజు కాజ్‌వే మునిగింది కదా, వీళ్లెలా వచ్చేరు అనడిగితే నాకొచ్చే నష్టం తక్కువండి. వీళ్లు దొంగలవుతారు."

నాన్నకు కోపం వచ్చింది. "అయితే మానిపించెయ్యమంటారా అండి?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"షెల్టరుకి మేడ ఉందా అండి?" అని అడిగారు ఆవిడ.

"ఆయ్, ఉందండి."

"దాని మీద జనం ఉన్నారా?"

"బట్టలారేసుకుంటున్నారండి. వానొస్తే ఓ మూల రేకుల షెడ్డుందండి."

"సరేనండి," అని పెట్టేశారు.

మర్నాడు ఏ కబురూ లేదు. ఆ తరవాత తెలిసింది, ఆ రోజంతా ఆవిడ ప్రిన్సిపాల్ గారి గదిలోనే ఉన్నారని. వరదలో చిక్కుకున్న విద్యార్థులకు వాళ్ల ఊళ్లోనే క్లాసులు పెట్టడానికి, ఆ క్లాసుల హాజరు లెక్కలోకి రావడానికి అనుమతి రాయించుకునే దాకా లేవలేదట. ఆ మరుసటి పొద్దున బియ్యం పడవ వచ్చింది. బస్తాల మధ్య ఆవిడ కూర్చుని ఉన్నారు. గొడుగు మూసి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు. ఆవిడకు నీళ్లంటే భయమని మాకు అప్పటిదాకా తెలియదు. ఒడ్డు తగిలిందని పడవవాడు చెబితే గానీ కళ్లు తెరవలేదు. మా అమ్మ చెయ్యి అందించి దింపింది.

"టీ తాగుతారా అమ్మా? పాలున్నాయి," అంది అమ్మ.

"క్లాసయ్యేక తాగుతానమ్మా. ముందు తాగితే కడుపులో తిప్పుతుంది," అన్నారు.

మేడ మీద తడిబట్టలు ఆరేసిన తాడు ఒకటి విప్పి చోటు చేశాం. బోర్డు లేదు. రేకుల షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాశారు. గిరాకీ, సరఫరా పాఠం. కింద పాల ప్యాకెట్ల దగ్గర జనం తోసుకుంటున్నారు. ఆవిడ అటు చూపించి, "ఇప్పుడు ఇక్కడ పాలు ఎంతకి కొంటారో చెప్పండి," అన్నారు. ఆ పాఠం నేనింకా మర్చిపోలేదు.

సునీత కనిపించకపోతే, ఎక్కడుందని అడిగారు. పాల లైనులో నిలబడిందని చెప్పాం. "అయితే ఆ పిల్ల పాలు తెచ్చుకునే దాకా ఆగుదాం," అని గోడకు ఆనుకుని కూర్చున్నారు. సునీత తడుస్తూ పైకి వచ్చాక పుస్తకం తెరిచి పేర్లు పిలిచారు. ఇంటిపేర్లతో సహా పిలిచారు. షెల్టరులో ఉన్న పెద్దవాళ్లు మెట్ల మీదకు వచ్చి విన్నారు. ఎవరి పేరు పిలిస్తే వాళ్ల అమ్మా నాన్నా అటు చూసుకున్నారు.

ఆ తరవాత రోజూ ఎవరో ఒక లెక్చరరు వచ్చారు. ఈత రాదని మొదట మొరాయించిన కామర్స్ మాస్టారు కూడా వచ్చారు, నడుముకి ఖాళీ డబ్బా కట్టుకుని. ఆయన్ని ఒప్పించడానికి మేడం గారు ఏమన్నారని మేం అడిగితే, "ఏమీ అన్లేదమ్మా. ఆవిడ వెళ్తన్నప్పుడు రేవులో నిలబడి చూసేను, అంతే," అన్నారు.

మాలో వీర్రాజు ఒక్కడు ఆ క్లాసులకు రాలేదు. వాడికి పడవ నడపడం వచ్చు. పక్క లంకలో చిక్కుకున్నవాళ్లను తేవడానికి వెళ్లేవాడు. వాడి పేరు దగ్గరికి వచ్చినప్పుడు అందరం ఆవిడ వంక చూసేవాళ్లం. పిలిచి, కాసేపు ఆగి, రాలేదని రాసేవారు. వాడు మంచి పని మీద వెళ్లాడని ఆవిడకు తెలుసు. మాకన్నా బాగా తెలుసు.

వరద తీశాక మా అందరికీ హాజరు సరిపోయింది. వీర్రాజుకు సరిపోలేదు. ఆవిడ తహసీల్దారు గారి దగ్గర వాడు చేసిన పని గురించి కాగితం రాయించుకుని, వాణ్ని వెంటబెట్టుకుని అమలాపురంలో ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ ఏడాదికి కుదరదన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు దిగేముందు ఆవిడ, "నువ్వు చేసింది తప్పని అనుకోకు. నేను రాసింది కూడా తప్పని అనుకోకు," అన్నారని వాడు మాకు చెప్పాడు. ఆ ఏడు ఫీజు వాడు సెలవుల్లో పనిచేసి కట్టుకున్నాడు. మూడో ఏడు దరఖాస్తు మళ్లీ పెట్టించడానికి ఆవిడే వాళ్లింటికి వెళ్లారు. వాడు ప్యాసయ్యాడు.

రిటైరయ్యాక ఆవిడ కొత్తపేటలో చెల్లెలి గారింట్లో ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. నేను అప్పుడప్పుడూ వెళ్లేదాన్ని. నాకు సచివాలయంలో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు సంతోషించి, వెంటనే, "ఇంటికెళ్లినప్పుడు ఆ పిల్లలతో గట్టిగా మాట్లాడకు. సాయం తీసుకునేవాళ్లకి చెవులు చాలా పదును," అన్నారు. పోయిన వేసవిలో వెళ్తే చూపు బాగా తగ్గి ఉంది. చెల్లెలు గారు పనసతొనలు పెట్టారు. ఆవిడ మాట్లాడుతూనే ఒక్కో తొన వేళ్లతో తడుముకుని, గింజ తీసేసి, నా పళ్లెంలో వేస్తున్నారు. వద్దంటే వినలేదు. ఆవిడ తినడం నేను చూడలేదు.

కబురు వచ్చిన రోజు ఆ ఇంటి నుంచి తిన్నగా కొత్తపేట వెళ్లాను. సునీత నాకన్నా ముందే వచ్చింది. కామర్స్ మాస్టారు కర్ర పట్టుకుని ఒక కుర్చీలో కూర్చున్నారు. వీర్రాజు మలికిపురంలో కొబ్బరి వ్యాపారం ఆపుకుని వచ్చాడు. చెల్లెలి గారి అబ్బాయి తలకొరివి పెట్టాలి. మోయడానికి ఇంకో మనిషి కావాలంటే వీర్రాజు చొక్కా విప్పి తువ్వాలు నడుముకి చుట్టుకున్నాడు. పక్కింటి పెద్దాయన, "మీరేమవుతారండి?" అని అడిగారు.

"ఆయ్, వారి దగ్గర చదువుకున్నానండి. నాకు ఆబ్సెంట్ వేసేరండి," అన్నాడు.

పెద్దాయనకు అర్థం కాలేదు.

"ఆ రోజు నేను రాలేదు కదండి," అని వీర్రాజు చేతులతో కళ్లు తుడుచుకున్నాడు.

గుమ్మం పక్కన కాలేజీ సంచీ తగిలించుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. వీధి చివర ఇల్లట. మేడం గారికి చూపు తగ్గాక రోజూ వచ్చి పేపరు చదివి పెట్టేది ఆ పిల్లేనని చెల్లెలు గారు చెప్పారు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. కాసేపటికి వచ్చి మేడం గారి కాళ్లు తాకి, లేచి, చెల్లెలు గారి దగ్గర తల వంచుకుంది.

"నేను వెళ్తానండి. మధ్యాహ్నం క్లాసుందండి. ఈ నెల నాకు హాజరు తక్కువుంది. మేడం గారు ఊరుకోరు."

చుట్టూ ఉన్నవాళ్లలో ఒకావిడ ఇదేం పిల్ల అన్నట్టు చూసింది. చెల్లెలు గారు ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారు. "వెళ్లమ్మా, వెళ్లు. బస్సెళ్లిపోద్ది," అన్నారు.

జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. నేను అరుగు మీద నుంచి చూస్తున్నాను. ఆ అమ్మాయి కాలవగట్టు మీద పరిగెడుతోంది. సంచీ వీపు మీద ఎగిరెగిరి పడుతోంది. ఒక చేత్తో చున్నీ కళ్లకు అద్దుకుంటూ, ఇంకో చెయ్యి బస్సుకి అడ్డంగా ఊపుతోంది. వంతెన దాటబోతున్న బస్సు నెమ్మదించి ఆగింది. కండక్టరు తలుపు దగ్గర వంగి చెయ్యి అందించాడు.