మడమలు చూసే మనిషి

ఆఫీసులో అందరూ ఆమెని ఎదురుగా మేడమ్ అనేవారు, వెనకాల గడియారం అనేవారు. ముసలివాళ్ళని ఉంచుకునే హోములకి వెళ్ళి, అవి మనుషులు ఉండదగ్గవో కాదో చూసి మార్కులు వేయడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. మిగతా తనిఖీవాళ్ళు ముందు ఫైళ్ళు తిరగేసేవారు, మేట్రన్ ఇచ్చిన కాఫీ తాగేవారు, అంతా బ్రహ్మాండం అని రాసి చక్కా పోయేవారు. ఆమె కుర్చీలో కూర్చునే రకం కాదు. సరాసరి వార్డులోకి పోయి వాసన చూసేది. ఫినాయిలు ముక్కుపుటాలు అదరగొడితే ఏదో కప్పిపుచ్చుతున్నారని అర్థం. దుప్పటి ఎత్తి, మంచాన పడ్డవాళ్ళ మడమలు చూసేది. కదలనివాళ్ళని పక్క మార్చకపోతే పుండు ముందు అక్కడే పడుతుంది. చిట్టచివర ఏదో ఒక మంచం పక్కన బెల్లు తాడు తనే లాగి, పెదవుల్లోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టేది. అరవై దాటినా ఆయా రాలేదంటే ఆ హోముకి మూడినట్టే.

వెనకాల పెట్టిన పేరు ఆమెకి తెలుసు. పైకి చిరాకు నటించేది గానీ లోపల కాస్త గర్వంగానే ఉండేది. ఉండదా మరి! ఆమె లెక్క తప్పిందన్నవాడు ఇరవై రెండేళ్ళలో ఒక్కడూ లేడు.

ఆమెకి ఉన్నది ఒక్క అక్క. ఇద్దరూ పెళ్ళి మాట ఎత్తకుండానే జుట్టు నెరిసినవాళ్ళు. మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళు. అక్కకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. నెల రోజులు ఆమె ఒక్కతే ఎత్తింది, కడిగింది, నడుం పట్టేసి తనూ మంచం ఎక్కింది. ఇక హోము తప్పదని తేలాక అక్క రెండు రోజులు మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంది.

మూడో రోజు అడిగింది. "నువ్వు చూసిందేనా ఆ హోము?"

"అయిదుసార్లు చూశానక్కా. బెల్లు లాగితే పద్దెనిమిది లెక్కపెట్టేలోగా వస్తారు."

"అయితే సరేలే. నువ్వు చూశాక ఇంక చెప్పేదేముంది?"

అలా ఆ పద్దెనిమిది అంకె మీద నమ్మకంతో అక్క హోముకి వెళ్ళింది.

ప్రతి ఆదివారం నాలుగింటికి ఆమె వెళ్ళేది. చూడవచ్చినవాళ్ళు ముందు హాలు దాటి లోపలికి రాకూడదని అక్కడి నియమం. తనిఖీ కార్డు చూపిస్తే ఎవరు ఆపుతారు? కానీ ఆమె చూపించలేదు. సొంతవాళ్ళ కోసం ఉద్యోగాన్ని వాడుకోకూడదని ఆమె పట్టుదల. నిజాయితీ కూడా ఒక్కోసారి మనిషి కళ్ళు పొడుస్తుంది. ఆయాలు అక్కని చక్రాల కుర్చీలో తీసుకొచ్చేవారు. తల దువ్వి, మొహానికి పౌడరు రాసి, కాళ్ళకి మేజోళ్ళు తొడిగేవారు.

"చిక్కిపోయావేంటక్కా?"

"తినబుద్ధి కావట్లేదే. బాగానే ఉన్నాలే, నువ్వు పోయి నడుం చూపించుకో."

ఊరందరి మడమలూ చూసిన మనిషి, రెండు నెలల్లో సొంత అక్క మేజోడు ఒక్కసారి తీసి చూడలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం అక్క కళ్ళజోడు బాగుచేయించి ఆమె హోముకి పట్టుకెళ్ళింది. గేటు దగ్గర ఎవరూ లేరు. హాల్లో ఎవరూ లేరు. రెండుసార్లు పిలిచి, పలికేవాళ్ళు లేక లోపలికి నడిచింది.

వార్డులో పన్నెండు మంచాలు. పన్నెండు బెల్లు తాళ్ళనీ చుట్టి, ముడివేసి, మంచాల్లోవాళ్ళకి అందకుండా ఎత్తున ఉన్న కొక్కేలకి తగిలించారు. నీళ్ళ గ్లాసులు దూరంగా కిటికీ గట్టు మీద వరసగా ఉన్నాయి.

అక్క కళ్ళు తెరిచి, "ఇవాళ ఆదివారమా?" అంది.

ఆమె దుప్పటి ఎత్తి మేజోడు లాగింది. మడమ నల్లగా కమిలిపోయి ఉంది. వాసన వచ్చింది. ఆ వాసన ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కుర్చీ ఎక్కి తాడు ముడి విప్పింది. తాడు కిందికి జారింది, మెలికలు మెలికలుగా. ఆ మెలికలు ఆమెకి కొత్త కాదు. అయిదు తనిఖీల్లోనూ చూసింది. పాత తాడు కాబోలు అనుకుంది. తనిఖీకి వస్తున్నామని ఆఫీసు ఒక రోజు ముందే హోముకి కబురు పెడుతుంది, అది ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. ముడులు విప్పడానికి ఒక రోజు ఎందుకు, పావుగంట చాలు. పుళ్ళు పడ్డవాళ్ళని ఆ ఒక్క పూటకీ వేరే గదిలోకి తప్పించి ఉంటారు.

ఆమె తాడు పట్టి లాగింది. బెల్లు విని పరిగెత్తుకొచ్చిన ఆయా ఆమెని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఊరికే లాగుతుంటారు మేడమ్. ఇంతమందికి ఇద్దరమే. ఎన్నిసార్లని పరిగెత్తేది?"

"నేను వచ్చే రోజు విప్పుతారు. అంతేగా?"

"విప్పమంటారండి," అంది ఆయా తల దించుకుని.

ఆమె అక్క వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదక్కా?"

"మార్కులు వేసింది నువ్వేగా. చెబితే నీ మాట పోతుంది కదే."

ఆ సాయంత్రమే అక్కని పెద్దాసుపత్రిలో చేర్చింది. పుండు ఎముక దాకా పోయిందనీ, విషం రక్తంలో కలిసిందనీ డాక్టరు చెప్పాడు. ఆమె వరండాలో బల్ల మీద కూర్చుని రిపోర్టు రాసింది. మొదటి వాక్యంలో తన తప్పే రాసుకుంది. అయిదుసార్లూ బెల్లు తనే లాగాననీ, మంచంలో ఉన్న మనిషిని ఒక్కసారి కూడా లాగమనలేదనీ. రెండు రోజుల్లో ఆ హోముకి తాళం పడింది, మిగతా ముసలివాళ్ళని వేరేచోటికి మార్చారు. ఆఫీసులో కొందరు మెచ్చుకున్నారు కూడా. వాళ్ళ మెప్పు ఎవరిక్కావాలి?

ఆసుపత్రి నర్సు బెల్లు మీటని అక్క ఎడమ చేతిలోనే పెట్టి, ఏం కావాలన్నా నొక్కమని చెప్పింది. ఆమె మందులు తేవడానికి వెళ్ళి అరగంటకి తిరిగొచ్చేసరికి అక్క పెదవులు పిడచకట్టుకుని ఉన్నాయి. చూపు నీళ్ళ సీసా మీద ఉంది. బొటనవేలు మీట మీదే ఉంది.

"దాహం వేస్తే నొక్కొచ్చుగా అక్కా!"

"ఎవరొస్తారే," అంది అక్క.

ఆమె అక్క వేలి మీద తన వేలు పెట్టి గట్టిగా నొక్కింది. అలవాటుకొద్దీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఈసారి పైకే. పదకొండు దగ్గర నర్సు వచ్చి నీళ్ళు పట్టింది.

"పదకొండే!" అంది అక్క, వింతగా.

అక్క ఇంకో నాలుగు రోజులు బతికింది. మీట ఆ నాలుగు రోజులూ చేతిలోనే ఉంది. తనంతట తాను ఒక్కసారి కూడా నొక్కలేదు.