నాగకుమారి చెరకు వరుసలు

మా యూనివర్సిటీ మ్యూజియం చూడటానికి వచ్చేవాళ్లు ముందుగా నాగకుమారి గొంతు వింటారు. బస్సు గేటు దగ్గర ఆగీ ఆగకముందే ఆమె మొదలుపెడుతుంది. "చెప్పులు అక్కడ విడవండి, సంచులు ఇక్కడ పెట్టండి, చేతులు వెనక్కి కట్టుకోండి." బడిపిల్లలైనా, మహిళా సంఘాల వాళ్లయినా, ఆసరా పింఛను తీసుకునే పెద్దవాళ్లయినా ఆమెకు ఒక్కటే. ఒకసారి తహసీల్దారుగారు కూడా చేతులు వెనక్కి కట్టుకుని బుద్ధిగా గది చుట్టూ తిరగడం నేను కళ్లారా చూశాను. నా పేరు భానుప్రసాద్. వృక్షశాస్త్రం పాఠాలు చెబుతాను. మ్యూజియం, దాని వెనక తోట, పాతకాలపు వస్తువుల గది, మూడూ నా నెత్తినే ఉన్నాయి. కాగితాల ప్రకారం నేను నాగకుమారికి పైఅధికారిని. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆమెది బోధన్ అవతల కాలువ కింద ఉన్న ఒక క్యాంపు. క్యాంపు అంటే కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డ రైతుల ఊరు. తాతల కాలంలో వచ్చారు. నాగకుమారి ఇక్కడే పుట్టింది, ఇక్కడే ఎమ్మెస్సీ చదివింది. అయినా నవీపేట్ సంతలో నోరు విప్పితే "ఏ క్యాంపమ్మా మీది?" అని అడుగుతారు. కోస్తాలో చుట్టాల పెళ్లికి వెళితే "మీ తెలంగాణా వాళ్లు" అంటారు. "నేనెక్కడి దాన్నో మీరూ మీరూ తేల్చుకుని చెప్పండి సార్, ఈలోగా నాకు బస్సు పోతుంది" అని నవ్వేస్తుంది. ఆ నవ్వులో కాస్త చేదు ఉంటుంది. నేను దాన్ని చూడనట్టే ఊరుకుంటాను.

సందర్శకులకు చెప్పేటప్పుడు మాత్రం ఆమె భాష అచ్చంగా పాఠ్యపుస్తకం. ఎండబెట్టి అట్టలకు అతికించిన మొక్కలు, సీసాల్లో గింజలు, పసుపు కొమ్ముల రకాలు, కొయ్య నాగళ్లు, ఎద్దులు తిప్పే పాత చెరకు గానుగ. అన్నీ వరసగా, తడుముకోకుండా చెప్పుకుపోతుంది. మధ్యలో ఎవరైనా గానుగ మీద చెయ్యి వేశారో, పాఠ్యపుస్తకం మూతపడి క్యాంపు బయటికొస్తుంది. "ఏవండీ, ఆ చేతులు ఊరుకోవా?"

మ్యూజియం అయ్యాక తోట. తోట చివర, ప్రహరీ గోడ పక్కన చెరకు వరుసలు. నా కథంతా వాటి గురించే.

ఆమె తండ్రి వెంకటసుబ్బారావు గారు చెరకు రైతు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు వేసి ఏం చేసుకోవాలి? అందరిలాగే ఆయనా తోట దున్నేసి వరిలోకి దిగారు. ఆ దున్నే రోజున నాగకుమారి ట్రాక్టరుకు అడ్డంగా నిలబడి ఒక మోపు చెరకు అడిగి తీసుకుంది. గోనెసంచిలో చుట్టి, స్కూటీ మీద పెట్టుకుని నా దగ్గరికి తెచ్చింది. లావు గడ, ఎర్ర తొక్క, పంటికి మెత్తగా తగిలే పాత రకం. మా చుట్టుపక్కల దాన్ని ఇంకెవరూ వేయడం లేదు. "తోటలో ఒక మూల ఇవ్వండి సార్. నాన్న పొలంలో ఇక లేదు. ఇక్కడ కూడా లేకపోతే ఇక ఎక్కడా లేనట్టే" అంది. ఇచ్చాను. అప్పటి నుంచి ఏటా ఆమే కొట్టించి, ముక్కలు తిరిగి నాటించి, వంశం నిలబెడుతూ వచ్చింది. చుట్టూ ఇనుప తీగ కట్టించింది. "చారిత్రక సేకరణ, తాకరాదు" అని బోర్డు పెట్టించింది.

చిక్కేమిటంటే, అక్కడ ఎవరూ ఆగరు. గులాబీల దగ్గర ఆగుతారు, తామర కుండీల దగ్గర ఫొటోలు దిగుతారు, చెరకు దగ్గరికి వచ్చేసరికి అడుగులు వేగమవుతాయి. నాగకుమారి చెబుతూనే ఉంటుంది, జనం నడుస్తూనే ఉంటారు. చివరికి ఆమె పాఠం నేనూ తోటమాలీ మాత్రమే వినేవాళ్లం. తోటమాలి కూడా మొహమాటానికి.

తండ్రినైనా తీసుకొచ్చి చూపించాలని ఆమె ఎంతో పోరింది. ఆయన రాలేదు. "నమలనివ్వని చెరకుని చూడటానికి అంత దూరం రావాలా అమ్మాయ్? గోడ మీద బొమ్మ వేయించండి, నీళ్లన్నా మిగులుతాయి" అన్నారట. ఆ మాటకు ఆమె కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు. నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. నేనేం చేశానో ఇప్పటికీ తెలియదు.

మొన్నటి చలికాలంలో రిజిస్ట్రారుగారి కన్ను ఆ మూల మీద పడింది. ఆయన చెడ్డవాడు కాదు. బోరులో నీళ్లు తగ్గుతున్నాయి, ఎండాకాలం ముందుంది. అక్కడ నీళ్లు పెద్దగా అక్కర్లేని పూలమొక్కలు వేసి సీతాకోకచిలుకల తోట చేద్దామన్నారు. "ఎవరూ ఆగని చోట నీళ్లు పారించడం ఎందుకు, భానుప్రసాద్ గారూ? ఈసారి వచ్చే వాళ్లతో పాటు నేనూ నడుస్తాను. జనం ఆగితే ఉంచుదాం. ఆగకపోతే తీసేద్దాం." న్యాయమైన మాటే. అందుకే నాకు ఎదురు చెప్పడం చేతకాలేదు.

నాగకుమారికి చెప్పాను. ఆమె నడుం బిగించింది. ఎండుటాకు దూయించింది, వరుసల మధ్య ఊడ్పించింది, బోర్డుకు కొత్త రంగు వేయించింది. చెరకు చరిత్ర మీద పెద్ద ఉపన్యాసం తయారుచేసి నా ముందు ఒకసారి చదివింది. చాలా బాగుంది. వింటూ వింటూ నాకు కునుకు పట్టింది.

ఆ రోజు వచ్చిన బస్సు బోధన్ వైపు పల్లెది. అంతా పెద్దవాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లు. ఒకప్పుడు ఫ్యాక్టరీకి పోయే చెరకు నరికిన కూలీలు. వాళ్లందరికీ పెద్దదిక్కు లింగవ్వ, పొడుగ్గా, సన్నగా, ముంజేతుల నిండా పచ్చబొట్లతో ఉంది. మ్యూజియంలో ఆమె గానుగ దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది. నాగకుమారి కసిరింది. లింగవ్వ చెయ్యి వెనక్కి తీసుకుని, "నాకు తెల్వదు బిడ్డా" అని పక్కకు తప్పుకుంది. రిజిస్ట్రారుగారు వెనక నడుస్తూ అంతా చూస్తున్నారు.

తోటలోకి వచ్చాం. గులాబీలు అయ్యాయి, తామరలు అయ్యాయి. చెరకు దగ్గర నాగకుమారి గొంతు సవరించుకుంది. "ఇప్పుడు మనం చూస్తున్న ఈ పంట, ఈ ప్రాంతపు ఆర్థిక, సామాజిక జీవితంలో..."

అంతవరకే అయింది. లింగవ్వ ఆగింది. తీగను చేత్తో పైకెత్తి, వంగి, లోపలికి దూరింది. గడలను మొదలు నుంచి మొవ్వు దాకా ఒక్కొక్కటే చూసింది. ఒకదాన్ని ఎంచుకుని, మొదలు మీద కాలు అదిమిపెట్టి ఒక్క విరుపు విరిచింది. ఆ చప్పుడు వినగానే మిగతా ఆడవాళ్లంతా తీగ ఎత్తుకుని దూరారు. మోకాలికి ఆనించి విరిచేవాళ్లు, పంటితో తొక్క ఒలిచేవాళ్లు, లోపలికి దూరలేని వాళ్లకు బయటికి అందించేవాళ్లు. నాగకుమారి వాక్యం పూర్తయ్యేలోపు ముందు వరుస సగం లేచిపోయింది.

"అయ్యో! ఆగండి! అది తినేది కాదండీ! సేకరణ!"

లింగవ్వ నోట్లో అప్పటికే ముక్క ఉంది. దాన్ని బుగ్గకు జరుపుకుని, "ఏందే బిడ్డా, గిది చెరుకు గాదా?" అంది.

"చెరకే. చెరకే గానీ, అడక్కుండా అలా..."

"చెరుకు కాడ అడుగుతరా?" లింగవ్వ నిజంగానే తెల్లబోయింది. "చేతులు కాయలు గాసేదాంక నరికిన. ఎండకు గొంతెండితే గడ ఇర్సుకునుడే. ఏ పటేలు గూడ వద్దనలే. ఇంట్ల పిల్లలకని కొంగుల కట్టుకపోయినా ఎవ్వరు ఏమనలే. నువ్వేంది బిడ్డా, గిట్ల ఒర్రుతవు?"

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఈ చెరకు సీమలో పుట్టిన ఎవరినైనా అడగండి. పక్కవాడి పసుపు చేలో కొమ్ము తవ్వితే తలకాయలు పగులుతాయి, వరి వెన్ను తుంచితే పంచాయితీ పెడతారు. చెరకు గడ విరుచుకుంటే మాత్రం దాన్ని దొంగతనం అనరు. ఫ్యాక్టరీ దారిలో పోయే బండ్ల వెనక పరుగెత్తి గడలు లాగని బాల్యం ఇక్కడ లేదు. బండివాడు ఉత్తుత్తినే ముల్లుకర్ర చూపించేవాడు. చెరకు తొక్క కోసుకుని నా పెదవి ఎన్నిసార్లు చీలిందో. అలాంటి నేల మీద, చెరకు రైతు కూతురే చెరకు చుట్టూ తీగ కట్టింది. తండ్రికి కోపం రాక ఏం చేస్తుంది?

ఆడవాళ్లు గోడ నీడలో కూర్చున్నారు. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ లేవలేదు. చక్కెర మరిగే వాసన ఎంత దూరం వచ్చేదో ఒకామె చెప్పింది. ఫ్యాక్టరీ కూత విని పొయ్యి ముట్టించేదాన్నని ఇంకొకామె చెప్పింది. పిల్లను కని, ఒళ్లు పచ్చిగా ఉండగానే గడల మోపు ఎత్తానని వేరొకామె చెప్పి, ఆ సంగతికి తనే నవ్వింది. లింగవ్వ మాత్రం కళ్లు మూసుకుని నములుతోంది. "గీ రకం మల్ల నోట్లె వడదనుకున్న. ఎవరిది బిడ్డా చెరుకు?"

"మా నాన్నదండీ."

"నువ్వు తిన్నవా?"

నాకు తెలుసు, తెచ్చి నాటిన నాటి నుంచి నాగకుమారి ఒక్క ముక్క కూడా తినలేదు. కాపలా కాసింది, అంతే. లింగవ్వ ఒక కణుపు విరిచి, తొక్క ఒలిచి, ఆమె చేతిలో పెట్టింది. నాగకుమారి ఒకసారి రిజిస్ట్రారుగారి వైపు చూసింది. తర్వాత కొరికింది. నములుతూ నములుతూ ఏడ్చేసింది. అంతమందిలో ఏడవడం ఆమెకు బొత్తిగా ఇష్టం ఉండదు. అయినా కళ్లు తుడుచుకోలేదు, రెండు చేతులకూ రసం అంటుకుని ఉంది.

రిజిస్ట్రారుగారు దగ్గరికి వచ్చారు. "ఆగారు, ఒప్పుకుంటున్నాను. మ్యూజియంలో కూడా ఇంతసేపు ఎవరూ ఉండలేదు. వరుసలు ఉంచుదాం మేడం. నీళ్ల సంగతి నేను చూసుకుంటాను." ఆయన ఇంకా అన్నారు. "కానీ చుట్టూ ఇనుప జాలీ వేయించి తాళం పెట్టాలి. తినేస్తూ పోతే సేకరణ ఎలా అవుతుంది? ఇవాళ చెరకు తింటామంటారు, రేపు మామిడిచెట్టు ఎక్కుతామంటారు."

సరేనండీ అని నేను నోరు తెరిచేలోపే నాగకుమారి మాట్లాడింది. "జాలీ వేస్తే వీళ్లు ఆగరు సార్."

"అయితే ఏం చేద్దామంటారు?"

"జాలీ వద్దండి. వరుసలే తీసేయండి."

నాకు ఒళ్లు మండింది. పక్కకు పిలిచి, ఆవేశంలో మా ఇంటి భాషలోనే అడిగేశాను. "నెత్తి ఖరాబైందా నాగకుమారి గారూ? గిన్నేండ్లు కాపాడి, చేతికొచ్చినంక వద్దంటరా?"

"లింగవ్వ ముందు తాళం వేయడం నా వల్ల కాదు సార్" అంది. "అలా దాచడం కన్నా లేకపోవడమే నయం. ఇవాళ తెలిసింది నాకు."

ఆ సాయంత్రమే గడలన్నీ కొట్టించాం. లింగవ్వ వాళ్లు తలా రెండు గడలు బస్సులో వేసుకున్నారు. మిగిలినవి నా కారు డిక్కీలో పట్టక వెనక సీటు మీద కూడా పరిచాం. మొవ్వుటాకులు కిటికీలోంచి బయటికి ఊగుతుండగా బోధన్ దాటి క్యాంపుకు చేరాం.

వెంకటసుబ్బారావు గారు ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నారు. కారులోంచి దిగుతున్న మోపును చూసి లేచి నిలబడ్డారు. నన్ను పలకరించడం కూడా మరిచిపోయారు. ఒక గడ తీసి, కణుపు దగ్గర మొలకెత్తే కన్నును బొటనవేలితో తడిమారు. ఇంకో గడ తీశారు, దాన్నీ తడిమారు.

"తీసేయమన్నారా?" అని కూతుర్ని అడిగారు.

"నేనే తీసేయమన్నాను నాన్నా."

ఆయన ఎదురుగా చూపు ఆనినంత మేరా పచ్చగా పరుచుకున్న వరి వైపు చూశారు. "ఫ్యాక్టరీ లేదు కదమ్మాయ్. ఎవరికని వేద్దాం ఇప్పుడు?"

"దారిన పోయేవాళ్లకి."

ఆయన లోపలికి వెళ్లి కత్తి తెచ్చుకుని కింద కూర్చున్నారు. ముక్కకు మూడు కళ్లు వచ్చేలా గడలు నరకడం మొదలుపెట్టారు. వేటు సూటిగా పడుతోంది.

"రోడ్డు పక్క గట్టునే పెడదాం" అన్నారు తల ఎత్తకుండా. "లోపలికైతే బురదలో దిగాలి. ముసలోళ్లు జారిపడతారు."